తూర్పు వాకిలి ఇల్లు

2004 ఏప్రిల్ పదిహేడు, శనివారం. ఉదయం పదకొండు గంటలకు ఇంగ్లండ్‌లో, లీడ్స్ నగరంలోని మూర్‌టౌన్‌లో అమ్మకానికి పెట్టిన ఒక ఇంటి తలుపు తెరిచారు.

అప్పటికే గేటు బయట ఏడు కుటుంబాలు వరసలో ఉన్నాయి. మూడోది నాగజ్యోతి, విజయభాస్కర్‌లది.

లీడ్స్‌లో చలికాలం ఇళ్లు ఎవరూ చూడరు. నాలుగింటికే చీకటి పడుతుంది. మార్చి చివర గడియారాలు గంట ముందుకు జరిపాక వీధివీధికీ ‘ఫర్ సేల్’ బోర్డులు లేస్తాయి. ఈస్టర్ దాటితే రేట్లు ఆగవు.

ఆ రేట్ల వెనక పరిగెత్తడం వాళ్లకిది మూడో వసంతం. జ్యోతికి తూర్పు వాకిలే కావాలి. ఏ వీధిలో చూసినా ఒక వరసకే ఆ అదృష్టం.

పోయినేడు అలాంటి ఇంటిని జ్యోతి స్నేహితురాలు పుష్పలీల ఎగరేసుకుపోయింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. “మా గార్డెన్‌లో కూచుని మాట్లాడుతున్నా జ్యోతీ” అంటుంది.

ఈ వసంతం కూడా దాటితే ఇక తమ జీతాలకు ఇల్లు అందదని జ్యోతికి తెలుసు.

లోపల హాల్లో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. తెలుగువాడు. డెబ్బై దాటి ఉంటాయి. అందరూ బూట్లతో తిరుగుతుంటే ఆయన బూట్లు గుమ్మం పక్కన విప్పి ఉన్నాయి.

“చూశారా,” అంది జ్యోతి మొగుడి చెవిలో. “అప్పుడే సొంతమైపోయినట్టు.”

“పెద్దాయన. అలవాటేమో.”

“అలవాటు కాదు, ధీమా. పిల్లలు ఏ డాక్టర్లో అయ్యుంటారు. మనలాగా మార్ట్‌గేజ్ లోన్ కోసం దేవులాడే బాపతు కాదు.”

వాళ్లు కిచెన్‌లోకి వెళ్లారు. ఆయనా వచ్చాడు. కారుతున్న కుళాయిని కట్టేశాడు.

“మీదే ఊరమ్మా?”

“తణుకు. నా పేరు జ్యోతి.”

“మాది బందరు. గోపాల్‌రావు అంటారు. స్టవ్ ఆగ్నేయంలోనే వచ్చింది, చూశావా? పొద్దున్నే ఎండ హాలంతా పరుచుకుంటుంది.”

జ్యోతి మొహం మాడింది. ముందే వచ్చి చూసి వెళ్లాడన్నమాట.

“మీరూ ఆఫర్ పెడుతున్నారా అంకుల్?”

“ఎవరెవరు వస్తారో చూద్దామని వచ్చానమ్మా. మీకు పిల్లలెంతమంది?”

“ఒక పాప.”

“పైన చిన్న గది ఉంది. పాపకి బావుంటుంది.”

ఎదటివాళ్ల అవసరం ఎంతో కనుక్కుని దాన్నిబట్టి రేటు పెడతాడు, అనుకుంది జ్యోతి. పుష్పలీల కూడా పోయినేడు ఇలాగే నవ్వుతూ అడిగింది.

జ్యోతి ఒకసారి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది.

“పెద్దవారు కాబట్టి చెప్తున్నా అంకుల్. ఈ ఇంట్లో ఒకావిడ ఉరేసుకుందిట.”

గోపాల్‌రావు చెయ్యి కుళాయి మీదే ఉండిపోయింది.

“ఎవరు చెప్పారమ్మా?”

“పక్కింటివాళ్లు. మొగుడు పెట్టే బాధలు పడలేకట. అలాంటి దోషం ఏ శాంతి చేసినా పోదు. మేమైతే వదిలేసుకున్నాం.”

ఆయన కుళాయి మీది చెయ్యి తీశాడు.

“అలాగామ్మా,” అన్నాడు.

బూట్లు తొడుక్కోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. తర్వాత గేటు తీసుకుని వెళ్లిపోయాడు.

“నోటికెంతొస్తే అంతేనా జ్యోతీ?” అన్నాడు విజయభాస్కర్. “పక్కింటివాళ్లతో నువ్వెప్పుడు మాట్లాడావు?”

“మాట్లాడలేదు. ఇంగ్లీషువాడైతే రేటు తగ్గించమంటాడు. తెలుగువాడు ఆ మాట వింటే గడప తొక్కడు. ఒక్క పోటీ తగ్గింది కదండీ.”

“పాపం ముసలాయన.”

“ఆయనకిది కాకపోతే ఇంకోటి. మనకి?”

కావలసినవాళ్లందరూ తమ ఆఖరి రేటు కవర్లో పెట్టి సోమవారం మధ్యాహ్నంలోగా ఇవ్వాలని ఏజెంట్ హెలెన్ చెప్పింది. ఎవరు ఎంత రాశారో ఇంకొకరికి తెలియదు.

సోమవారం రాహుకాలం వెళ్లేదాకా ఆగి జ్యోతే కవర్ ఇచ్చి వచ్చింది. బ్యాంకు ఇస్తానన్నదంతా అందులో రాశారు. ఆ సాయంత్రం పుష్పలీలకి తనే ఫోన్ చేసింది.

“ఇంకా ఖాయం కాలేదులే గానీ,” అంది, “మీ ఇంటికన్నా ఒక బెడ్‌రూమ్ ఎక్కువే.”

“అవునా,” అంది పుష్పలీల. ఆ తర్వాత ఆమె గార్డెన్ మాట ఎత్తలేదు. జ్యోతి ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మంగళవారం పది గంటలకు హెలెన్ ఫోన్ చేసింది.

“సారీ. ఓనర్ వేరేవాళ్లకి ఇచ్చారు.”

“మాకన్నా ఎంత ఎక్కువ పెట్టారు?”

“ఎక్కువ కాదు. అన్నిటికన్నా మీదే పెద్ద ఆఫర్.”

“మరి?”

“మీ పేరు చూసి కవర్ పక్కన పెట్టేశారు. కారణం చెప్పలేదు. నాకూ ఆశ్చర్యంగానే ఉంది. శనివారం కిచెన్‌లో మీరూ ఆయనా మీ భాషలో మాట్లాడుకుంటుంటే, మీకే ఇచ్చేస్తారనుకున్నాను.”

జ్యోతి పక్కనున్న కుర్చీలో కూచుంది.

“ఎవరితో?” అంది.

హెలెన్ చెప్పింది: ఆ ఇల్లు గోపాల్‌రావుది, ఆయన భార్య రత్నకుమారి హాస్పిటల్ వద్దని, పోయిన అక్టోబర్‌లో ఆ ఇంట్లోనే, ఆయన చేతుల్లోనే క్యాన్సర్‌తో పోయింది, తెలుగువాళ్లెవరైనా వస్తే రేటు తగ్గించైనా వాళ్లకే ఇవ్వాలన్నది ఆమె ఆఖరి కోరికని ఆయన శుక్రవారమే ఆఫీసుకొచ్చి చెప్పి వెళ్లాడు.