తొడ వాటా

భర్త తెచ్చిన గడ్డకట్టిన పంది మాంసంలో కరెంటు తీగ కాల్చిన నల్లటి చార కనిపించేసరికి, వాంటన్లకు ఖీమా కొట్టబోతున్న ప్రమీల చెయ్యి ఆగిపోయింది.

"ఇది కల్లూరు అంగట్ల కొన్నదేనా?"

"అవ్," అన్నాడు చిరంజీవి. "జల్దీ ఖీమా కొట్టి, మైదా రేకుల్ల చుట్టి కరకర వేయించు."

"అంగడి పందికి కరెంటు చారెట్లుంటది? అడవిపంది ఇది."

"సరే, దోస్తులు వాటా ఇచ్చిన్రు. అయితేంది?"

ప్రమీల ఎముక పట్టి మాంసాన్ని పైకెత్తింది. "వెనక తొడ! మన ఊళ్లె అడవిపందులకు కరెంటు తీగ పెట్టినోడికే తొడ ఇస్తరు. ఏ భాగమో నాకు తెల్వద్దనేనా ఫోన్ల వీడియో చూపించి వాంటన్లు చెయ్యమన్నవ్?"

పొయ్యి మీద నూనె పొగలు కక్కుతోంది.

"పోయిన నెల మా అన్న గసొంటి తీగకే తగిలి చచ్చిండు. పాడె మోసినవ్. తీగ పెట్టినోడు దొరికితే నరుకుతనన్నవ్. చెప్పు, ఎవడు వాడు?"

కత్తి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. చిరంజీవి గోడకు ఆనుకున్నాడు.

"నేనే పెట్టిన. ఇది గా పందే, నెల సంది దోస్తు ఫ్రిజ్‌ల దాచిన. తెల్లారి పోయి చూస్తే రెండూ పక్కపక్కన పడి ఉన్నయ్. మీ అన్నకింకా ఊపిరున్నది. నేను ముందుగాల పందిని మోసిన."