నూటికి నూరు

పదో తరగతిలో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత. సముద్రం ఒడ్డునున్న ఆ సర్కారు బడికి ఇదే మొదటిసారి. సన్మాన సభ ముగిసి అందరూ వెళ్లిపోయినా, హెడ్మాస్టరు జగన్నాధం భుజాల మీద శాలువా ఇంకా అలాగే ఉంది.

గుమ్మంలో నూకరత్నం కనిపించగానే ఆయన గతుక్కుమన్నాడు.

పరీక్షల ముందు ఆ పిల్ల ఇంటికి వెళ్లి, "ఈ ఏడాదికి పరీక్ష మానెయ్యమ్మా. తప్పితే బడి లెక్కలో పడతావు, రాకపోతే పడవు" అని చెప్పి వచ్చింది ఆయనే. నూకరత్నం పరీక్ష రోజుల్లో తల్లితో కలిసి చేపలు ఎండబెట్టింది.

"నా మీద కోపంగా ఉందా అమ్మా?"

"కోపమేటి సార్. మన బడికి పేరొచ్చినాది కదా."

ఆమె చేతిలో ఆ రోజు పేపరుంది. అందులో బడి గురించిన వార్త, పక్కనే ఆయన ఫొటో. జగన్నాధం మనసు తేలికపడింది. ఫొటో మీద సంతకం కోసం వచ్చిందనుకుని జేబులోంచి పెన్ను తీశాడు.

"సంతకం కాదు సార్. ఇది ఒకపాలి పైకి సదవండి."

"నువ్వే చదువుకోవచ్చు కదమ్మా."

నూకరత్నం తల దించుకుంది.

"మాయమ్మ సదివి ఇనిపించమంటన్నాది సార్. పదేళ్లు బడికెళ్లినావు కదే అంటాది. మీరు ఒకపాలి సదివితే బట్టీ పట్టేస్తాను. బళ్లో సేసినట్టే, సూసి సదివినట్టు సెప్పేస్తాను."