సిరా అంటని వేళ్లు

చిప్పకూడు తిన్నవాణ్ణి నేను నడక చూసి పట్టేస్తాను. మా పాస్ మారిన్ రేవులోనే కాదు, మొత్తం మిసిసిపీ తీరంలోనే ఈ విద్యలో నన్ను మించినవాడు లేడు.

రూఫిన్‌ను అలాగే పట్టాను.

ఆల్చిప్పలు ఒలిచే కొట్లో పనివాడు రూఫిన్. పోలీసు బండి కనిపిస్తే చాలు, పీపాల చాటుకు పోయేవాడు. కాళ్లు ఈడ్చుకుంటూ నడిచేవాడు.

"ఆ నడక జైలుదే" అని ఊరంతా చాటాను.

అతనూ కాదనేవాడు కాదు. పద్దెనిమిదో ఏట తాగిన మత్తులో ఎవరిదో పడవ విప్పుకుని సముద్రంలోకి పోయాడు. ఇసుక మేట మీదికి ఎక్కించి దాని నడుం విరగ్గొట్టాడు. పోలీసులు తడిబట్టలతోనే తెచ్చి జైల్లో పడేశారు.

ఆ రాత్రి జైలు కాపలా ఆల్సీడ్‌ది.

"పట్టెడన్నం పెట్టలేదు, కన్ను మూయనివ్వలేదు. తెల్లారేదాకా జైలు నేలంతా నాచేత తోమించాడు, రాక్షసుడు!" అనేవాడు రూఫిన్. "పొద్దున్నే వెనక తలుపు తీసి, కుక్కను తోలినట్టు తోలాడు."

ఆ అరెస్టు ఎక్కడో రాసి ఉంటుందన్న భయంతో ముప్పై ఏళ్లు ఏ మంచి ఉద్యోగానికీ అర్జీ పెట్టలేదు.

కొలువు దిగిపోయాక ఆల్సీడ్ ప్రతి శుక్రవారం ఆల్చిప్పలు తినడానికి ఆ కొట్టుకే వచ్చేవాడు.

"ఒరేయ్ రూఫిన్, ఓడల్ని లాగే టగ్గు పడవల మీద మనుషులు కావాలట. పోయి అడగవేం?"

"నాకిక్కడ బాగానే ఉంది."

"బాగుందా? నీ మొహం చూస్తే అలా లేదే!"

"చూశారా, ఎలా పొడుస్తున్నాడో!" అని మాతో గొణిగేవాడు రూఫిన్. ఆల్సీడ్ పళ్లెంలో మాత్రం నిమ్మచెక్క పెట్టేవాడు కాదు. అంతకు మించిన పగ అతనికి చేతకాదు.

మొన్న చలికాలంలో ఆల్సీడ్ పోయాడు. ఊరంతా సమాధి దగ్గరికి వెళ్లాం.

"నేను రాను. ఆ ముసలాడి మీద మట్టి వేస్తే మట్టి దండగ" అన్నాడు రూఫిన్.

వసంతంలో ఒక టగ్గు కెప్టెన్ తనంతట తానే కొట్టుకు వచ్చాడు.

"ఈ నీళ్లు నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు రూఫిన్. రేవు కార్డు తెచ్చుకో. వేసవి దాకా నీ చోటు ఖాళీగా ఉంచుతా."

రేవులో పనిచేయడానికి సర్కారు ఇచ్చే ఆ కార్డు కావాలంటే పాత కేసులన్నీ తవ్వుతారు.

"ఏమయ్యా, పాత అరెస్టులు ఎవరి కంటా పడకుండా కోర్టులో సీలు వేస్తున్నారట. వెళ్లి వేయించుకో" అంది అతని భార్య ఒడీల్.

"వెయ్యం పొమ్మంటే?"

"మళ్లీ చిప్పలే ఒలుచుకో. నీ చొక్కా కంపు నాకు అలవాటే."

కోర్టులో పాత కాగితాల గది మిస్ ఎర్లీన్‌ది. మా ఊళ్లో పెళ్లయిన పెద్దావిడల్ని కూడా 'మిస్' అనే అంటాం. తోడుగా నేనూ వెళ్లాను. తోడుకని చెప్పాను గానీ, వేడుక చూద్దామనే.

ఆమె కంప్యూటర్‌లో వెతికింది. లోపలికి వెళ్లి అట్టపెట్టెల్లో వెతికింది. చాలాసేపటికి చేతులు దులుపుకుంటూ వచ్చింది.

"సీలు దేనికి వేయించమంటావు నాయనా? నీ పేరున ఏమీ లేదు."

"సరిగ్గా చూడండి మిస్ ఎర్లీన్. నేను లోపల ఉన్నాను కదా!"

"వేలిముద్రలు తీశారా?"

"లేదు."

"ఫోటో?"

"లేదు. బ్రష్షు ఇచ్చాడు, బకెట్ ఇచ్చాడు."

"వేళ్లకు సిరా అంటకుండా అరెస్టేమిటి? ఆల్సీడ్ నిన్ను రాయనే లేదు. నేల తోమించి ఇంటికి పంపాడు, అంతే."

రూఫిన్ తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

నా విద్య సంగతంటారా? నడక చూసి నేను పట్టిన ఏకైక ఖైదీ ఖైదీయే కాడు. ఆ ఈడ్పు నడక రబ్బరు బూట్లదట!

"మరి పడవ యజమాని ఎలా ఊరుకున్నాడు?" అన్నాడు రూఫిన్. "పొద్దున్నే వచ్చి కేసు పెట్టి ఉంటాడు కదా!"

మిస్ ఎర్లీన్ అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"పొద్దున్న రావడమేమిటి? రాత్రంతా నీ ఎదురుగానే కూర్చున్నాడు. నువ్వు విరగ్గొట్టిన 'మే బెల్' పడవ ఆల్సీడ్‌దే."

రూఫిన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మా పెరట్లోనే కట్టాడు. మా ఆయన చెక్కలు కోసి పెట్టాడు. జైలు కొలువు మానేసి రొయ్యల వేటకు పోదామని ఏళ్ల తరబడి కట్టుకున్నాడు. ఆ సాయంత్రమే నీళ్లలోకి దింపి రేవుకు తెచ్చాడు. రేవులో అది ఎవరిదో అప్పటికి ఎవరికీ తెలియదు."

"మరి నన్ను..."

"నిన్ను తెచ్చిన పోలీసులతో 'పడవ నాదే, కుర్రాణ్ణి నేను చూసుకుంటా' అన్నాడట. రాయకుండా వదిలానని తెలిస్తే కొలువు పోతుంది, ఎవరికీ చెప్పొద్దని మా చేత ఒట్టు వేయించుకున్నాడు. పడవ ఎలాగూ పోయింది, కొలువైనా ఉండాలి కదా. తర్వాత ఇంకెవరైనా రాశారేమోనని ఇంతసేపు వెతికాను; ఆయనే పోయాక ఇక ఒట్టెందుకు?"

"ప్రతి శుక్రవారం నన్ను టగ్గుల మీదికి పొమ్మనేవాడు" అన్నాడు రూఫిన్ మెల్లగా.

"పొమ్మనడా మరి? నీ పేరుకు మచ్చ లేదని ఆయనకు తెలుసుగా."

మెట్లు దిగి వీధి చివరిదాకా వచ్చాం. అక్కడ ఆగాడు రూఫిన్.

"ఆయన్ని ఎక్కడ పాతిపెట్టారు?"

రేవు కార్డు ఏ చిక్కూ లేకుండా వచ్చింది. వేసవి రాకముందే టగ్గెక్కాడు.

ఇందులో నేను కల్పించింది పడవ పేరొక్కటే. దానికి అప్పటికింకా పేరే పెట్టలేదు. మర్నాడు పొద్దున్నే రాద్దామని ఆల్సీడ్ రంగుడబ్బా కొని పెట్టుకున్నాడట.