తలకిందుల కొమ్మ

"అమ్మాయ్! మీ మామయ్య మళ్ళీ కొమ్మను తలకిందులుగా గుచ్చిపోయారు, వచ్చి చూడు!"

బాల్కనీలోంచి అత్తగారి కేక వినగానే కోడలు స్టవ్ కట్టేసి పరుగెత్తింది. నిజానికి అంత కంగారు అక్కర్లేదు. నిన్న సాయంత్రం అత్తగారు స్నానానికి వెళ్ళినప్పుడు ఆ కొమ్మను తిప్పి గుచ్చింది తానే. అయినా రోజూ కొత్తగా ఆశ్చర్యపోవాలిగా!

పొడుగాటి తొట్టెలో వరసగా గులాబీ కొమ్మలున్నాయి. మామగారు పెంచిన మొక్క ఎండిపోతుంటే దాన్నుంచి కోసి గుచ్చినవి. ఏటవాలుగా కోసిన కొస మట్టిలోకి పోవాలి, సమంగా కోసింది పైకి ఉండాలి. అత్తగారు వేలు పెట్టి చూపిస్తున్న కొమ్మకు ఏటవాలు కొస పైకి ఉంది. ఆవిడకు అప్పటికే చేతుల నిండా మట్టి.

"పెళ్ళయిన నాటి నుంచీ చెబుతూనే ఉన్నాను. కొమ్మకు తలేదో కాళ్ళేవో తెలియని మనిషి! పోయినా ఆ బుద్ధి పోలేదు," అంటూ దాన్ని లాగి, సరిగ్గా గుచ్చింది. ఆ తిట్లలో మురిపెం దాగడం లేదు. చేతులు కడుక్కుని బల్ల ముందు కూర్చుని, "ఏదీ, పెట్టు," అంది.

ఆ మాట కోసమే కోడలు ఈ దొంగపనికి దిగింది. మామగారు పోయాక ఆవిడ కంచం ముందు కూర్చుని ఊరికే లేచిపోయేది. ఎవరెంత బతిమాలినా వినలేదు. కొమ్మ తిరగబడిన రోజునే మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఇవాళ రాత్రికి నా మంచం బాల్కనీలో వెయ్యి," అంది అత్తగారు తింటూ.

"ఈ చలిలోనా? ఆ దగ్గుతోనా?"

"వచ్చే మనిషిని ఒక్కసారి కళ్ళారా చూడాలి. అంతే."

చలిగాలి తగలకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. సర్దిచెప్పడానికి భర్త కూడా ఊళ్ళో లేడు, ఇంట్లో ఉన్నది తామిద్దరే. నిజం చెబితే తిండి మానేస్తుంది, చెప్పకపోతే మంచాన పడుతుంది. ఇక ఆగలేక అత్తగారి కాళ్ళ దగ్గర కూలబడింది.

"మామయ్య రావడం లేదు అత్తయ్యా. రోజూ ఒక కొమ్మ నేనే తిప్పుతున్నాను, మీరు తింటారని. తిట్టండి, కొట్టండి, తిండి మాత్రం మానకండి."

అత్తగారి చెయ్యి కంచంలో ఆగలేదు.

"తెలుసు."

"తెలుసా!"

"మొదటి రోజే తెలుసు. తిప్పి గుచ్చి, మళ్ళీ చుట్టూ మట్టి చక్కగా అదిమి పెడతావు. దొంగపని కూడా అంత శుభ్రంగా చేసేదానివి నువ్వే," అని ఎడం చేత్తో కోడలి తల నిమిరింది.

కోడలికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కళ్ళు తుడుచుకుని అడిగింది. "అన్నీ తెలిసి ఇంకా ఎవరి కోసం కాపలా అత్తయ్యా?"

"తెల్లారేసరికి తిరగబడి ఉండేవి రెండు కొమ్మలమ్మా. నీదాన్ని నీకు చూపిద్దామని అలాగే ఉంచి, ఇంకోదాన్ని నిన్ను పిలిచేలోపే సరిచేస్తాను. నేను తింటున్నది ఆ రెండోదాన్ని చూసుకుని."