తిండి యావ

"తగ్గింది ఏడు కిలోలేనా? ఏనుగు మీంచి ఈగ లేచినట్టుంది!" అంటూ భర్త డాక్టరమ్మ ముందే పకపకా నవ్వాడు. తన జోకుకి తనే ముందు నవ్వడం ఆయనకు పెళ్లినాటి నుంచీ అలవాటు.

పక్క కుర్చీలో భార్య తల దించుకుంది.

డాక్టరమ్మ నవ్వలేదు. రక్తపరీక్ష కాగితం చూస్తూ, "మోకాళ్ల నొప్పి ఎలా ఉందమ్మా?" అని ఆమెను అడిగింది.

"బాగా తగ్గిందండీ. మెట్లెక్కగలుగుతున్నాను."

"తగ్గుతుంది మరి. ఎక్కువైన కొవ్వు ఊరికే కూర్చోదు, ఒంట్లో లోలోపల వాపును రాజేస్తుంటుంది. మీకిప్పుడు ఆ వాపు సగానికి దిగింది. ఒళ్లు ఇన్సులిన్ మాట కూడా వింటోంది."

"విననిదల్లా ఈవిడ నోరేనండీ!" భర్త అందుకున్నాడు. "తగ్గినకొద్దీ ఆకలెక్కువైందట. తిండి యావ ఎక్కడికి పోతుంది?"

"యావ కాదండీ," అంది డాక్టరమ్మ. "బరువు తగ్గితే ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతుంది. పోయిన బరువు వెనక్కి కావాలని ఒళ్లు చేసే గోల అది. ఆవిడ దాంతో పోట్లాడుతూనే తగ్గారు. మీరైతే వారం ఆగలేరు."

భార్య మెల్లగా తలెత్తింది. ఇన్నాళ్లూ ఆ ఆకలి తన బుద్ధిలోని లోపమే అనుకుంది.

"ఏమండీ, మీరు కాసేపు బయట కూర్చోండి," అంది. టీచరుగా అల్లరి పిల్లల్ని క్లాసు బయటికి పంపే గొంతు అది. ఇంట్లో ఎప్పుడూ వాడలేదు.

ఆయన లేచి వెళ్లాడు.

తలుపు పడ్డాక ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఇప్పుడు చెప్పండి డాక్టరుగారూ. ఆకలేసినప్పుడు సిగ్గుపడకుండా ఏం తినొచ్చు?"