చప్పట్లు నిజాయితీపరుడికే

మా బావ అట్టముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: ‘మా చప్పట్లు నిజాయితీపరుడికే!’ సైకిల్ పందెం వచ్చే కొండదారి మలుపులో దాన్ని పట్టుకుని పొద్దుటి నుంచీ నిలబడ్డాడు. మలుపంతా మాలాంటి నీతిమంతులే.

పోయినేడు గెలిచినవాడు డోపింగులో దొరికినప్పటి నుంచీ బావకి అన్నం సయించడం లేదు. మారు వడ్డించుకోవడం మాత్రం మానలేదనుకోండి.

“ఆ గెలిచినవాడి జట్టులో సూది వద్దన్నవాడు ఒక్కడేనట్రా, ఈసారి యాభై మూడో నంబరు. వాడి కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవాలి!” అన్నాడు.

ఇంతలో ముందువాళ్లు వచ్చారు. అంత ఎత్తునీ మోటారు సైకిళ్లలా ఎక్కేశారు. “దొంగల్లారా!” అనడానికి నోరు తెరిచిన బావ, ఆ వేగం చూసి ఒళ్లు మరిచి ఈల వేశాడు. అబద్ధమెందుకు, నేనూ వేశాను.

పందెం వెళ్లిపోయిందని పోలీసులు దారి వదిలారు. అట్టని కారు వెనకద్దంలో, అక్షరాలు బయటికి కనబడేలా నిలబెట్టి మేమూ కొండెక్కడం మొదలుపెట్టాం.

కొంత దూరం పోగానే రోడ్డుకి అడ్డంగా ఎవడో సైకిలు మీద రొప్పుతూ, ఈడ్చుకుంటూ ఎక్కుతున్నాడు. బావ హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

“తప్పుకోవయ్యా! తొక్కడం చేతకానివాడికి సైకిలెందుకు?”

అతను పక్కకి తప్పుకున్నాడు. దాటుతుంటే వీపు మీద నంబరు కనిపించింది. యాభై మూడు.

“బావా...”

“ఏంట్రా?”

“ఏం లేదు, పోనివ్వు.”

వెనక్కి తిరిగి చూశాను. మా కారు పొగకి దగ్గుతూ, అతను మా అట్ట చదువుతున్నాడు.