వెనక్కి తిప్పిన విమానం

"అవ్వా, లోపలికి పోయినంక నువ్వు ఎక్కువ మాట్లాడకు" అంది వందన తల్లితో, గేటు దగ్గర ఆగి.

"నేనేం మాట్లాడుత బిడ్డా! సల్లగుండు సారూ అని ఒక్క మాటంట, గంతే" అంది బాలలక్ష్మి, చంకలోని సంచి సర్దుకుంటూ. సంచిలో భర్త అంబదాస్ మరమగ్గం మీద నేసిన చద్దరు ఉంది. కూతురికి నౌకరీ ఇప్పించిన సారుకు పండ్లూ మిఠాయిలూ ఎవరైనా ఇస్తారు, మనం నేసినదే మనం ఇవ్వాలని అంబదాస్ పట్టుబట్టాడు.

తల్లీకూతుళ్లు పొద్దున్నే సిరిసిల్లలో బస్సెక్కి కరీంనగర్ వచ్చారు. ఆ సారు కెప్టెన్ గోపాల్ రావు. ఆయన ఉద్యోగం హైదరాబాద్‌లో అయినా సొంతిల్లు ఇక్కడే. సెలవు మీద వచ్చారని తెలిసి వందన ఫోన్ చేస్తే, "రా బిడ్డా, నేనే నిన్ను పిలుద్దామనుకుంటున్న" అన్నారాయన.

సర్కారు స్కాలర్‌షిప్‌తో పైలట్ శిక్షణ పూర్తి చేసిన వందనకు లైసెన్సు ఎప్పుడో వచ్చింది. ఉద్యోగమే రాలేదు. విమానం నడిపిన గంటలు లైసెన్సుకు సరిపోయినన్నే ఉన్నాయి, పైన ఒక్కటి లేదు. ఉద్యోగం దొరికితే తప్ప గంటలు పెరగవు, గంటలు ఉంటే తప్ప ఉద్యోగం ఇవ్వరు. ఏ కంపెనీకి వెళ్లినా అదే మాట.

"గంటలు తక్కువంటరేంది? ఎన్ని గంటలు కూసోని సదివినవో నేను సూడలేదా!" అని బాలలక్ష్మి మండిపడేది. చివరికి వందన ఊళ్లోని ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేరిపోయింది. పిల్లలు ఆమెను విమానం టీచర్ అనేవారు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమెకు గుండెల్లో కలుక్కుమనేది.

అలాంటి రోజుల్లో ఒక కొత్త విమాన కంపెనీ నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది.

బోర్డులో ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. మూడో ఆయన, గోపాల్ రావు, ఏమీ అడగకుండా రాసుకుంటూ ఉన్నారు.

"మీకు అనుభవం చాలా తక్కువ. అంతమంది ప్రాణాలు మీకెలా అప్పగించాలి?" అన్నాడు బోర్డు పెద్ద.

బట్టీ పట్టిన జవాబులేవీ వందన నోటికి రాలేదు. జరిగిన సంగతి ఒకటి చెప్పింది.

"శిక్షణలో ఒకసారి ఒంటరిగా నాగ్‌పూర్ బయల్దేరాను సార్. నిర్మల్ గుట్టల దగ్గర ఎదురుగా మబ్బు పెరుగుతోంది. పక్క నుంచి తప్పించుకుని పోవచ్చేమో అనిపించింది. కానీ నమ్మకం కుదరలేదు. వెనక్కి తిప్పేశాను. అదే దారిలో నా వెనకే ఇంకో శిక్షణ స్కూలు విమానం వస్తున్నట్టు రేడియోలో వినపడింది. ముందు మబ్బు మూసుకుపోతోంది, రావద్దని చెప్పాను. అదీ వెనక్కి మళ్లింది. దిగాక మా గురువు బాగా కోప్పడ్డారు. ఆ ప్రయాణం మొత్తం మళ్లీ చెయ్యాల్సి వచ్చింది."

"అది పిరికితనం అంటే?"

"అనొచ్చు సార్. మళ్లీ అలాంటి మబ్బు ఎదురైతే మాత్రం మళ్లీ తిప్పేస్తాను."

అప్పటిదాకా రాసుకుంటున్న గోపాల్ రావు కలం ఆగింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

కొద్దిరోజులకే నౌకరీ ఖాయమైంది. ఆ మాట్లాడని సారే తన మీద దయ తలిచారని వందన గట్టిగా నమ్మింది.

గేటు దాటి వెళ్తే, తలుపు గోపాల్ రావే తీశారు. కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించారు. ఒక్క మాటే అంటానన్న బాలలక్ష్మికి మాటలు ఆగలేదు.

"సల్లగుండు సారూ! ఖబురు తెలిసినంక మా ఆయన మగ్గం బందు పెట్టి గల్లీ అంత తిరిగి చెప్పొచ్చిండు. మీ రుణం ఎట్ల తీర్చుకోవాలె!" అంటూ చద్దరు ఆయన చేతుల్లో పెట్టింది. వందన ఆయన పాదాలకు దండం పెట్టబోయింది.

ఆయన గబుక్కున వెనక్కి జరిగారు. "వద్దు బిడ్డా. నీకు నౌకరీ నేను ఇప్పియ్యలే."

"పెద్దోళ్లు గట్లనే అంటరు సారూ" అంది బాలలక్ష్మి.

"నిజం చెల్లె. మార్కులేసింది మిగతా ఇద్దరు. నేను వెయ్యలే."

వందన మొహం చిన్నబోయింది. "నా జవాబు నచ్చలేదా సార్?"

"నచ్చకపోవుడేంది! ముందుకు పొయ్యేటోళ్లు మస్తుగ దొరుకుతరు, ఎనుకకు మళ్లెటోళ్లు దొరకరని ఆ ఇద్దరు నాతోని అన్నరు. నీ నౌకరీ నువ్వు గెలుచుకున్నదే. ఎవ్వలి దయా గాదు."

"మరి మీరెందుకు వెయ్యలేదు సార్?"

"నేను వేస్తే న్యాయం గాదు బిడ్డా."

బాలలక్ష్మికి ఏమీ అంతుపట్టలేదు. కూతురి వంకా ఆయన వంకా చూసింది. "గట్లయితే మేము దండం ఎవలికి పెట్టాలె సారూ?"

గోపాల్ రావు చద్దరును కళ్లకద్దుకున్నారు.

"పెట్టాల్సింది మీరు గాదు చెల్లె" అని, వందన వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు.

"ఆ దినం నీ ఎనుకొచ్చిన విమానంల నా కొడుకున్నడు."